దోపిన దూరం

విశాఖపట్నం నుంచి హైదరాబాదుకి పదకొండు నిమిషాలు.

ఆ మాట రాయని గోడ ఊళ్ళో లేదు. బస్సుల వెనకా అదే, బీచిరోడ్డు గొడుగుల మీదా అదే, ఆఖరికి కాగితం టీ కప్పుల మీద కూడా అదే. ‘చేరువ’ అనే విమానాల కంపెనీ వచ్చి నాలుగు నెలలైంది. గంటా పది నిమిషాల ప్రయాణం కాస్తా, బెల్టు పెట్టుకుని చప్పరించే బిళ్ళ నోట్లో వేసుకుంటే అది కరిగేలోపు అయిపోయేదైంది. జనం మొదటి నెల ముక్కున వేలేసుకున్నారు. రెండో నెలకి అలవాటు పడ్డారు. మూడో నెలలో విమానం రెండు నిమిషాలు ఆలస్యమైతే కౌంటరు దగ్గర కాలర్లు పట్టుకున్నారు. మిగిలిన ఆ గంటతో ఎవరు ఏం ఊడబొడిచారో మాత్రం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఆ పదకొండు నిమిషాల వెనకున్న లెక్క పొట్నూరు హైమావతిది. భీమిలి దారిలో రాతికొండని చదును చేసి కట్టిన కంపెనీ ప్రయోగశాలలో కొలతల విభాగానికి ఆమే పెద్ద. నలభై నాలుగేళ్ళ మనిషి. పొట్నూరి వాళ్ళకి కోపం ముక్కు మీదుంటుందని చుట్టాలు అంటారు. హైమావతికి ఉంది. ఆమె అక్క సత్యవేణికి అంతకు రెండింతలుంది.

ఆ అక్క ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు తోసుకుని లోపలికొచ్చింది. చెప్పులు విప్పలేదు, మంచినీళ్ళు అడగలేదు. చేతిలో నలిగిన కాగితాన్ని చెల్లెలి ముందు బల్ల మీద పడేసి, “చదువు” అంది.

సత్యవేణి ఏజెన్సీలో నర్సు. లోతుబంద ఆసుపత్రి కింద పదిహేడు కొండగూడేలకి ఆమే దిక్కు. ఇరవై ఆరేళ్ళుగా ఆ కొండల్లోనే సూదిమందులు, పురుళ్ళు, మలేరియా మాత్రలు. చెల్లెలిని చదివించింది కూడా ఆ కొండల్లో ఉండే.

హైమావతి చదివింది. అది సంజాయిషీ నోటీసు, విషయం తేలేదాకా డ్యూటీకి రావద్దన్న మాటతో సహా. నేరేడుగరువు గూడెం నుంచి లోతుబంద ఆసుపత్రికి ఆరు కిలోమీటర్లు మాత్రమే ఉండగా, పాముకాటుకు గురైన కిల్లో జమున, వయసు తొమ్మిదేళ్ళు, అను బాలికను తమరు అరగంటకు పైగా ఆలస్యంగా చేర్చినందున, బాలిక దారిలోనే మరణించినందున, తమరిది నిర్లక్ష్యమని ఎందుకు భావించకూడదో పదిహేను రోజుల్లో తెలుపవలెను.

“ఆలస్యం ఎందుకైందక్కా?”

“నువ్వూ అదే అడుగు. అందరూ అదే అడుగుతన్నారు.” సత్యవేణి కుర్చీ లాక్కుని కూర్చుంది. “పసుపుచేలో కరిసింది తాచు. నేను ఆ రోజు గూడెంలోనే ఉన్నాను, అదృష్టమనుకున్నాను. బండి మీద ముందు నేను, నడాన గుంట జమున, వెనకాల దాని అయ్య దొంబ్రు. ఇరవై రెండు నిమిషాల దారి. కళ్ళు మూసుకుని నడిపీగల్ను. నల్లబండ మలుపు తిరిగితే ఆసుపత్రి రేకులు కనబడతాయి. కనబడినాయి కూడా. కనబడీ రాలేదే హైమా. బండి పోతానే ఉంది, రేకులు అక్కడే ఉన్నాయి. గుంటకి రెప్పలు వాలిపోతన్నాయి, వాళ్ళయ్య ఎనకాల్నుంచి ‘నర్సమ్మా బేగి, నర్సమ్మా బేగి’ అని ఒకటే పాట. నేనింకెంత బేగి పోనూ? ఆసుపత్రి గేటు కాడికి ఎల్లేసరికి ఒళ్ళు చల్లబడిపోనాది.”

 హైమావతి నోరు మాత్రం తనకి అలవాటైన మాటే అంది. “మ్యాపులో ఆరు కిలోమీటర్లే కదక్కా.”

సత్యవేణి చెల్లెలి వైపు చూసిన చూపు మామూలుది కాదు. “బండి మీటరు పదహారు చూపించింది. పాడైందన్నారు, కేబులు మార్చారు. మళ్ళీ పదహారే. మళ్ళీ మార్చారు. నాలుగు నెలల్నుంచి ఇదే గోల. ఇరవై ఆరేళ్ళు తిరిగిన దారి నాకు తెలీదేటే?”

నాలుగు నెలలు. అది విన్న హైమావతి లేచి వెళ్ళి లాప్‌టాప్ తెచ్చుకుంది. దాన్లో ఒక జాబితా ఉంది, ఆమె స్వయంగా తయారు చేసింది. నలభై ఆరు స్థలాలు. ముప్ఫై ఒకటో నంబరు దగ్గర వేలు ఆగిపోయింది. నేరేడుగరువు పేరు అక్కడ లేదు, అక్షాంశం రేఖాంశం అంకెలే ఉన్నాయి. ఆ అంకెలు నల్లబండ మలుపువి.

అబద్ధం చెబుదామా అని ఆమెకి ఒక్క క్షణం అనిపించింది. అనిపించినందుకు తర్వాత తనని తాను చాలాసార్లు తిట్టుకుంది. ఆ క్షణం దాటాక మాత్రం చెప్పింది.

“అక్కా, మా యంత్రం విమానాన్ని వేగంగా తీసుకెళ్ళదు. విమానం వేగం మామూలే. దూరాన్ని మడతపెడుతుంది. ఐదువందల కిలోమీటర్లలో నాలుగువందల అరవై మడతలోకి పోతాయి. నలభై మిగుల్తాయి.”

“కుచ్చిళ్ళు పెట్టినట్టు.”

“ఆఁ. అలాగే అనుకో.”

“కుచ్చిళ్ళు పెడితే చీర తగ్గిపోద్దేటే? ఆరు గజాలూ అక్కడే ఉంటాది. నడుం కాడ దోపుతావు.” సత్యవేణి ముందుకు వంగింది. “మీరెక్కడ దోపారు?”

నలుగురు పీహెచ్‌డీలు, రెండేళ్ళ మీటింగులు. అందరూ ‘శేషం’ అని ముద్దుపేరు పెట్టి పక్కన పెట్టేసిన ప్రశ్నని, ఎనిమిదో ఎక్కం దాటి లెక్కలు నచ్చని సత్యవేణి కూర్చున్న చోటే అడిగేసింది.

“నీళ్ళ మీద నిలవదు, రాతినేల కావాలి,” అంది హైమావతి నెమ్మదిగా. “అందుకని ఖాళీ చోట్లు చూసి, పది కిలోమీటర్ల చొప్పున, నలభై ఆరు చోట్ల... పైనుంచి చూస్తే తేడా ఉండదు. శాటిలైటుకి అంతే కనిపిస్తుంది. కంటికీ అంతే. నడిస్తేనే తెలుస్తుంది. అక్కడ నడిచేవాళ్ళు లేరనుకున్నాం.”

“ఎవరూ లేరా?”

“లేరనుకున్నాం అక్కా.”

“అయితే నేనెవర్నే?”

సత్యవేణి అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని హైమావతికి అనిపించింది.

ఆ ఖాళీ చోట్లు ఎలా ఏరారో కూడా చెప్పాలి. సిగ్గుపడాల్సిన సంగతే అయినా చెప్పాలి. ఆకాశం నుంచి తీసిన రాత్రి దీపాల పటం ఒకటి గోడకి తగిలించారు. వెలుగున్న చోట మనుషులున్నట్టు, చీకటి ఉన్న చోట లేనట్టు. అంతే శాస్త్రం. ఏసీ గదిలో కాఫీ తాగుతూ హైమావతే పెన్ను పట్టుకుని నల్లగా ఉన్నచోటల్లా చుక్కలు పెట్టింది. కరెంటు లేని గూడెం చీకట్లోనే ఉంటుందని, ఆ చీకట్లో తన అక్క ఇరవై ఆరేళ్ళుగా టార్చిలైటు పట్టుకుని తిరుగుతోందని ఆమెకి తట్టలేదు. సెలవులకి ఆ గూడేలకి వెళ్ళి కందిరీగలు కుట్టించుకున్న మనిషికి తట్టలేదు. గొప్ప చదువంటే ఇదే కాబోలు.

మర్నాడు సెలవు పెట్టి హైమావతి అక్కతో కొండెక్కింది. సంచిలో సర్వేవాళ్ళు వాడే ముప్ఫై మీటర్ల ఇనపగొలుసు. ప్రయోగశాలలో కోట్ల ఖరీదు చేసే లేజర్లున్నాయి, కానీ అవన్నీ కంటిలాంటివే. నేల మీద పరుచుకునే గొలుసు ఒక్కటే కాలిలాంటిది.

గొలుసు ముందుకొస పట్టుకోవడానికి దొంబ్రు వచ్చాడు. చచ్చిపోయిన పిల్ల తండ్రి. సన్నటి మనిషి, చెవికి రింగు, నోట్లో చుట్ట. హైమావతి ఎవరో, ఎందుకొచ్చిందో సత్యవేణి ఏదీ దాచకుండా చెప్పేసింది. దొంబ్రు విన్నాడు. గొలుసు అందుకున్నాడు. రెండు చెంపలు వాయించి ఉంటే హైమావతికి కాస్త తేలికగా ఉండేది.

ఆ కొండల్లో దూరాన్ని నడుస్తూ కాల్చిన చుట్టల్లో చెబుతారు. సంతకి రెండు చుట్టలు, ఏరుకి అర చుట్ట. నేరేడుగరువు నుంచి లోతుబంద తాతల నాటి నుంచి నాలుగు చుట్టల దూరం. నడుస్తూ దొంబ్రు చెప్పాడు.

“ఎండలు ముదిరినప్పట్నుంచి పది కాలినా ఆసుపత్రి రాలేదమ్మా. మేం పొగాకు కల్తీ అనుకున్నాం. బేగి కాలిపోతంది, ఆకులో ఏదో కలిపేస్తన్నాడని సంతలో కోమటిని నిలబెట్టి తిట్టినాం. మావోడొకడు తరాజు కూడా ఇరగ్గొట్టినాడు. పాపం ఆడు దండం పెట్టి, తన తప్పేటీ లేదని ఒట్టేసినాడు. ఎవులూ నమ్మలేదు.”

“దారి పెరిగిందని అనుకోలేదా?”

“దారెందుకు పెరుగుతాదమ్మా?” అన్నాడు దొంబ్రు. ఆ అమాయకపు ప్రశ్నకి జవాబు తెలిసిన మనిషి పక్కనే గొలుసు వెనక్కొస పట్టుకుని నడుస్తోంది. ఆమెకి తల ఎత్తబుద్ధి కాలేదు.

నల్లబండ మలుపు దాకా గొలుసు మాట విన్నది. తర్వాత మొదలైంది అసలు బాధ. ఎదురుగా వాలులో ఆసుపత్రి రేకులు, పక్కన నీళ్ళ ట్యాంకు, దానిమీద కాకి కూడా కనిపిస్తోంది. ముప్ఫై మీటర్లు పరిచి, మేకు గుచ్చి, మళ్ళీ ముప్ఫై. వంద గొలుసులు వేశారు. కాకి అంతే ఉంది. ఇంకో వంద వేశారు. దొంబ్రు ఒకచోట ఆగి, “ఇక్కడే రెప్పలు ఎత్తడం మానేసింది” అని చెప్పి మళ్ళీ నడిచాడు. ఇంకో అరవై గొలుసుల తర్వాత ఆగి, “ఇక్కడ అమ్మని అడిగింది” అన్నాడు. ఆ తర్వాత ఎక్కడా ఆగలేదు.

ఆ రోజు సాయంత్రానికి సగం, మర్నాడు మధ్యాహ్నానికి మిగతా సగం కొలిచారు. ఐదువందల ముప్ఫై మూడు గొలుసులు, పైన పది మీటర్లు. పదహారు కిలోమీటర్లు. హైమావతి కాగితం మీద సంతకం పెట్టింది, దొంబ్రు వేలిముద్ర వేశాడు.

విచారణాధికారి ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు. మంచివాడే, మజ్జిగ కూడా ఇప్పించాడు. “చూడండమ్మా, శాటిలైటు మ్యాపు ఒకపక్క, మీ గొలుసు ఒకపక్క. నేను పైకి ఏం రాయను? మీ కంపెనీ వాళ్ళనే ఒక లెటరు ఇమ్మనండి, ఫలానా చోట మా వల్ల దారి పెరిగిందని. ఇప్పుడే ఫైలు మూసేస్తాను.”

లెటరు అడగడానికి హైమావతి డైరెక్టరు గదికి వెళ్ళింది.

డాక్టర్ విరూపాక్షం ఆ యంత్రాన్ని కనిపెట్టినాయన. పెద్దమనిషి, మెత్తటి మాట, ఎవరినీ ‘అమ్మా’ అనకుండా పిలవడు. ఆయన బల్ల మీద పన్నెండు ఫోటోలున్నాయి. విశాఖలో తీసిన గుండెలు పదకొండు నిమిషాల్లో హైదరాబాదు చేరి, అక్కడ వేరేవాళ్ళ ఛాతీల్లో కొట్టుకుంటున్న పన్నెండుగురు మనుషుల ఫోటోలు. హైమావతి చెప్పిందంతా ఆయన చెయ్యి గడ్డానికి ఆనించుకుని విన్నాడు.

“చాలా బాధాకరం అమ్మా. చిన్నపిల్ల. నాకూ మనవరాలుంది.”

“లెటరు ఇవ్వండి సార్.”

“ఒక్క చోటుకి లెటరిస్తే మిగతా నలభై ఐదు చోట్ల నుంచీ అడుగుతారు.”

“అడగనివ్వండి. అడగాలి కదా.”

“అడిగితే ప్రాజెక్టు ఆగిపోతుంది. ఈ పన్నెండుగురిని చూడు. యంత్రం లేకపోతే వీళ్ళెవరూ లేరు. ఆగితే పదమూడో గుండె ఏమవుతుంది? అది కూడా ఆలోచించాలి కదా మనం.”

ఆ మాట తేలికగా తీసిపారేసేది కాదు. హైమావతి ఆ ఫోటోల వైపు చూసింది. ఒక ఫోటోలో జమున వయసు పిల్ల ఒకతి పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. ఆ పిల్ల బతకడం తప్పని ఎవరనగలరు?

“గుండెలు పన్నెండు సార్. నాలుగు నెలల్లో మన విమానాలెక్కినవాళ్ళు రెండు లక్షల మంది,” అంది. “మిగతావాళ్ళంతా పెళ్ళిళ్ళకీ, మీటింగులకీ, బిర్యానీకీ వెళ్ళినవాళ్ళు. గుండెల పేరు చెప్పి వాళ్ళ దారంతా తీసుకెళ్ళి జమున కాళ్ళ కింద పోశాం. ఆ పన్నెండుగురినీ పిలిచి, మీ కోసం ఎవరు నడుస్తున్నారో చెబుదామా? చెప్పే ధైర్యం మీకుందా?”

విరూపాక్షం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “నీ కోపం నాకు అర్థమైంది. ఒక పని చేద్దాం. ముప్ఫై ఒకటో చోటు మార్చేద్దాం. పైన ఒడిశా వైపు ఇంకా చీకటి ప్రాంతాలున్నాయి కదా, అక్కడికి జరుపు. మీ అక్కగారి నోటీసు సంగతి నేను ఫోను చేసి చెబుతాను. రేపటికల్లా వెనక్కి తీసుకుంటారు. సరేనా అమ్మా?”

హైమావతి లేచి ఇంటికొచ్చింది.

సత్యవేణి వంటింట్లో వంకాయలు తరుగుతోంది. హైమావతి జరిగింది జరిగినట్టు చెప్పింది. చెబుతున్నప్పుడు గొంతులో ఎక్కడో ఆశ వినపడే ఉంటుంది. నోటీసు పోతుంది, అక్క పరువు దక్కుతుంది, నేరేడుగరువుకి మళ్ళీ నాలుగు చుట్టల దారి వస్తుంది. అవన్నీ నిజమే కదా.

సత్యవేణి కత్తిపీట పక్కకి తోసింది.

“నా నెత్తి మీదది దింపి ఇంకోదాని నెత్తిన పెడతావా? ఒడిశాలో నర్సమ్మలు లేరేటే? అక్కడ గుంటల్ని తాచులు కరవవా?”

“అది కాదక్కా, ముందు నీ ఉద్యోగం...”

“నా ఉద్యోగం నీకు అడ్డం పెట్టుకోకు. నేను నిర్లక్ష్యం చేశానని రాసుకుంటే రాసుకోనీ. రాసినోడికీ తెలుసు, దేవుడికీ తెలుసు. కానీ ఆ గుంటని బండి మీద పెట్టుకుని నేను పడ్డది ఇంకోత్తి పడకూడదు. చుక్కలు పెట్టింది నువ్వు. నలభై ఆరూ నువ్వే పెట్టావు. తియ్యడం నీకు రాదా?”

హైమావతికి మొదటిసారి అక్క మీద కోపమొచ్చింది. ఎంత సులువుగా అంటోంది. ఆ కోపంతోనే స్నానం చేసింది, అన్నం కెలికి వదిలేసింది, పడుకుంది. తెల్లారేసరికి ఆ కోపం అక్క మీద లేదు. ఎవరి మీద ఉండాలో వాళ్ళ మీదికి తిరిగింది, అందులో సగం తన మీదే.

రోజూ ఉదయం ఆరింటికి మడత పడుతుంది. అంతకు అరగంట ముందు హైమావతి కంట్రోలు భవనంలో కూర్చుని నలభై ఆరు చోట్ల అంకెలూ మళ్ళీ వేసి తాళం తిప్పాలి. తిప్పకపోతే నిన్నటి మడతే ఉండిపోతుంది. అదే ప్రయోగశాల పద్ధతి. బయట నుంచి కంప్యూటరులో ఎవరూ వేలు పెట్టకుండా ఆ బల్లకి తీగ కూడా లేకుండా చేసింది విరూపాక్షమే. ఏం మార్చాలన్నా ఆ గదికి కాళ్ళతో నడిచి వెళ్ళాల్సిందే.

ఆ ఉదయం ఆమె మొదటి అంకెలు వేసింది. రెండో వరసలోనూ అవే వేసింది. మూడో వరసలోనూ అవే. నలభై ఆరు వరసలూ ఒకే చోటు. కంపెనీ పెద్ద గేటు నుంచి కంట్రోలు భవనం మెట్ల దాకా ఉన్న రెండువందల మీటర్ల రోడ్డు, లోపలికి అదొక్కటే దారి. రాతికొండని చదును చేసిన నేల, ఎంత దూరం దోపినా పట్టేస్తుంది. తాళం తిప్పింది. మొదటి విమానం ఏడింటికి, ఆకాశంలో ఏదీ లేదని మరోసారి చూసుకుంది. డ్యూటీలో ఉన్న ఇద్దరు ఆపరేటర్లనూ, వెనక షెడ్డులో ఉన్న తోటమాలినీ, “రండి, ఇవాళ టీ నాది” అని గేటు బయటికి తీసుకొచ్చింది. టీ కప్పు మీద పదకొండు నిమిషాల బొమ్మ ఉంది. ఆమె పత్రికల ఎడిటర్లకీ, విచారణాధికారికీ, ప్రతి జిల్లా కలెక్టరుకీ నలభై ఆరు చోట్ల జాబితా ఫోనులోంచి పంపి, ఆ తర్వాత టీ తాగింది.

ఆరైంది. చూడ్డానికి ఏమీ జరగలేదు.

ఆరుంపావుకి విరూపాక్షం కారు వచ్చింది. గేటు తీశారు. కారు లోపలికి వెళ్ళింది. వెళ్తూనే ఉంది. గేటు దగ్గర నిలబడ్డవాళ్ళకి అది ఎదురుగానే కనిపిస్తోంది, చక్రాలు తిరుగుతున్నాయి, భవనం మెట్లు మాత్రం దగ్గర కావడం లేదు. పావుగంట తర్వాత కారు వెనక్కి తిప్పుకుని, ఇంకో పావుగంటకి బయటికొచ్చింది. విరూపాక్షం దిగాడు. ఆయన తెల్లచొక్కా వీపున తడిసిపోయింది.

“ఎంత పెట్టావు?” అని అడిగాడు. ఆయనకి వివరించాల్సిన అవసరం లేదు.

“మీరు పెట్టమన్నదంతా సార్. నాలుగువందల అరవై.”

“ఇది నేరం హైమావతీ.” మొదటిసారి అమ్మా అనలేదు.

“అవును సార్. నాలుగు నెలల్నుంచి నేరమే. ఇవాళ మీ గుమ్మంలోకి వచ్చింది, అంతే.”

“మార్చు. వెళ్ళి మార్చు.”

“బల్ల లోపలుంది. కారులో వెళ్ళినా రాత్రికి గానీ చేరరు, దారిలో పెట్రోలు బంకు లేదు. ఒక మనిషి రోజంతా నడిస్తే ముప్ఫై కిలోమీటర్లు. పదిహేను, పదహారు రోజుల్లో చేరొచ్చు. మీకు తోడు కావాలంటే దొంబ్రుని పిలుస్తాను, ఆయనకి ఇలాంటి దారి అలవాటు.”

అప్పటికే గేటు దగ్గర జనం పోగయ్యారు. ఉద్యోగులు, డ్రైవర్లు, పాలవాళ్ళు. ఒకతను పందెం కట్టి లోపలికి పరిగెత్తి, రొప్పుతూ తిరిగొచ్చాడు. ఫోన్లన్నీ పైకి లేచాయి. కంటికి ఎదురుగా ఉన్న మెట్లని ఎవరూ అందుకోలేకపోవడం ఊరంతా చూస్తోంది. విరూపాక్షం ముందు రెండే దారులున్నాయి. ఒకటి ఆ దూరమంతా వెళ్ళడం. రెండోది సబ్‌స్టేషనుకి ఫోను చేసి కరెంటు తీయించడం. తీయిస్తే మడత విప్పుకుంటుంది, ఎక్కడి దూరం అక్కడికి పోతుంది, పదకొండు నిమిషాలు మళ్ళీ గంటా పది నిమిషాలవుతుంది. మళ్ళీ మొదలుపెట్టాలంటే ఈ చూసినవాళ్ళందరికీ, శేషం ఈసారి ఎక్కడ దోపుతారో చెప్పాలి.

ఏడుకి రెండు నిమిషాల ముందు ఆయన ఫోను తీశాడు. కరెంటు తీసెయ్యమన్నాడు. ఆయన మీద జాలి పడాలేమో. హైమావతి పడలేదు.

ఆమె మీద మూడు సెక్షన్ల కింద కేసు పెట్టారు. ఉద్యోగం ఆ పూటే పోయింది. టీవీల్లో కొందరు దేశద్రోహి అన్నారు. పదమూడో గుండె మాట చాలామంది అన్నారు, ఆ మాట మాత్రం ఆమెని నిద్రపోనివ్వలేదు. జాబితాలోని మిగతా నలభై ఐదు చోట్ల నుంచి కబుర్లు రావడం మొదలైంది. ఒకచోట నీళ్ళకి వెళ్ళిన ముసలమ్మ దారిలో కూలబడిపోయింది. ఒకచోట పిల్లలు బడి మానేశారు. ఇంకోచోట అన్నదమ్ములు పొలం గట్టు జరిపావని ఒకరినొకరు నరుక్కున్నారు. ఆ కబుర్ల మధ్య సత్యవేణి నోటీసు వెనక్కి తీసుకున్నట్టు రెండు వాక్యాల కాగితం వచ్చింది. క్షమాపణ లేదు, పొరపాటన్న మాట కూడా లేదు.

ఆ వారంలోనే సత్యవేణి మళ్ళీ డ్యూటీలో చేరింది. బెయిలు మీదున్న హైమావతి వెనక సీటులో టీకాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నల్లబండ మలుపు ఇలా వచ్చి అలా వెళ్ళిపోయింది. 

గూడెంలో మొదటి ఇంటి అరుగు మీద దొంబ్రు భార్య సోములమ్మ అడ్డాకులు కట్టలు కడుతోంది. జమున తల్లి. బండి ఆగడం చూసి తలెత్తింది.

“ఎప్పుడు బయల్దేరినావు నర్సమ్మా?”

“ఇప్పుడే సోములమ్మా.”

“ఆసుపత్రి కాణ్ణుంచేనా? ఎంత సేపు పట్టింది?”

సత్యవేణి బండి స్టాండు వేస్తూ వేస్తూ ఆగింది. హైమావతి వైపు చూడలేదు. “ఇరవై రెండు నిమిషాలు,” అంది.

సోములమ్మ చేతిలో ఉన్న కట్టకి నార ముడివేసి, పక్కన పెట్టింది. ఇంకో ఆకు తీసుకుంది.

“అయితే మా గుంట బతికుండును,” అంది.